న్యూట్రాన్ తారల వేటకు మీ కంప్యూటర్: ఏ ప్రాజెక్టు, ఏ యంత్రం, నెలకు ఎన్ని యూనిట్లు

రాత్రంతా ఊరికే ఉండే కంప్యూటర్‌తో ఖగోళ పరిశోధనకు లెక్కలు చేసిపెట్టొచ్చని విన్నవాళ్లు మొదట అడిగేది "ఏ ప్రాజెక్టులో చేరాలి?" అనే. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు ఉండేవాళ్లు అంతకంటే ముందు మూడు సంగతులు చూసుకోవాలి. ఇంట్లో ఉన్న యంత్రం ఏది? కరెంటు మీటరు నెలకు ఎన్ని యూనిట్లు తిరుగుతోంది? ఇంటర్నెట్ ఫైబర్ లైనా, ఫోన్ హాట్‌స్పాటా? ఈ మూడూ తేలితే ప్రాజెక్టు దానంతటదే తేలిపోతుంది.

తొందరలో ఉన్నవాళ్లకు మా మాట ముందే చెప్తాం. న్యూట్రాన్ తారలన్నా, వాటిలో గిరగిరా తిరుగుతూ లయగా సంకేతం పంపే పల్సార్లన్నా ఇష్టమైతే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌లో చేరండి, మొదట అదొక్కటి చాలు. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్ అయితే అందులోనే గామా కిరణాల పని తీసుకోండి. నెల వాడకం 180 యూనిట్ల దగ్గర ఉన్న ఇల్లయితే డెస్క్‌టాప్ జోలికి పోకుండా జూనివర్స్‌కు వెళ్లండి, అక్కడ పని మీ కళ్లది. ఎందుకో తెలియాలంటే కింది వివరం చదవాలి.

పని ఎలా నడుస్తుంది

జూనివర్స్ తప్ప ఈ ప్రాజెక్టులన్నిటికీ పునాది బాయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఆండర్సన్ బృందం తయారుచేసింది. విండోస్, లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్ అన్నిటి మీదా నడుస్తుంది. ప్రాజెక్టు సర్వర్ మీ యంత్రానికి ఒక పని ముక్క పంపుతుంది, దాంతోపాటు ఒక గడువు పెడుతుంది. మీ యంత్రం లెక్క చేసి ఫలితం తిరిగి పంపుతుంది. సాధారణంగా అదే ముక్క మీకు తెలియని ఇంకో దేశపు కంప్యూటర్‌కు కూడా వెళ్తుంది. రెండు ఫలితాలూ సరిపోలితేనే లెక్కలోకి తీసుకుంటారు. మీరు గడువు దాటిస్తే అవతలి మనిషి చేసిన పని కూడా మూడో యంత్రం దొరికేదాకా ఆగిపోతుంది. అందుకే రోజుకు రెండు ముక్కలే చేసినా వేళకు తిరిగిచ్చే పాత ల్యాప్‌టాప్, యాభై ముక్కలు తెచ్చుకుని మధ్యలో ఆఫైపోయే గేమింగ్ మెషీన్ కంటే నయం.

ఇలాంటి పనికి పేరు తెచ్చింది గ్రహాంతర జీవుల సంకేతాలు వెతికిన సెటి ఎట్ హోమ్. 1999 మే 17న మొదలైంది. 2020 మార్చి 31 తర్వాత కొత్త పని పంపడం ఆపేసింది. ఇప్పటికీ పాత వీడియోల్లో దానిలో చేరమని చెప్తుంటారు. చేరినా మీ యంత్రానికి పని రాదు.

దట్టమైన తారలకు ఇంత లెక్క ఎందుకు

సూర్యుడంత తార చివరికి శ్వేత కుబ్జంగా మిగులుతుంది. భూమంత పరిమాణంలో దాదాపు సూర్యుడంత బరువు ఉంటుంది. ఆ బరువు సూర్యుడికి సుమారు 1.4 రెట్లు దాటితే నిలబడలేదని సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లో ఇంగ్లండుకు ఓడలో వెళ్తూ లెక్క కట్టాడు. 1983లో నోబెల్ అందుకున్నాడు. పెద్ద తారల నడిబొడ్డు ఆ హద్దు దాటి కూలితే న్యూట్రాన్ తార అవుతుంది. అడ్డుకొలత 20 నుంచి 25 కిలోమీటర్లు. కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడూ కలిపి దాని కింద ఇమిడిపోతాయి. ఆ ఇరుకులో నాలుగున్నర లక్షల భూములంత పదార్థం కూరి ఉంటుంది. ఒక చక్కెర బిళ్లంత ముక్క తీస్తే సుమారు 40 కోట్ల టన్నులు తూగుతుంది. ఆ ఒత్తిడిలో పదార్థం ఎలా ఉంటుందో భూమ్మీద ఏ ప్రయోగశాలా చూపించలేదు. కాబట్టి తారలనే వెతకాలి.

1967లో ఖగోళ శాస్త్రవేత్త జోస్లిన్ బెల్ మొదటి పల్సార్‌ను పట్టినప్పుడు అది 1.337 సెకన్లకోసారి టిక్కుమంది. ఒంటరి పల్సార్ అయితే అదే లయలో మోగుతుంది కాబట్టి వెతకడం కొంత తేలిక. జంట తారలో ఉన్న పల్సార్ దగ్గరే చిక్కు. కాజీపేట జంక్షన్‌లో ఆగకుండా పోయే రైలు కూత వినండి: వచ్చేటప్పుడు సన్నగా ఉంటుంది, దాటిపోయాక బొంగురుపోతుంది. తోడు తార చుట్టూ తిరిగే పల్సార్ లయ కూడా అలాగే బిగుసుకుంటూ, సాగుతూ ఉంటుంది. అది ఎంతసేపట్లో చుట్టు తిరుగుతుందో, ఎంత దూరంలో తిరుగుతుందో మనకు ముందు తెలియదు. అందుకని వేలాది ఊహా కక్ష్యలు తీసుకుని, ఒక్కోదాని ప్రకారం లయను సరిచేసి, టిక్కు వినబడుతుందేమో చూడాలి. అరెసిబో రేడియో టెలిస్కోపు ఒక్కోసారి నాలుగున్నర నిమిషాల సేపు పట్టిన రికార్డింగుల్లో, 11 నిమిషాలకే ఒక చుట్టు పూర్తయ్యే జంటల దాకా ఇలా వెతికారు. ఈ సరిచేయడమే మీ ప్రాసెసర్ రాత్రంతా చేసే పని.

ఫలం దక్కింది కూడా. 2010 ఆగస్టులో పీఎస్ఆర్ జె2007+2722 అనే పల్సార్ బయటపడింది. అది అమెరికాలోని ఐయోవాలో ఒక దంపతుల కంప్యూటర్‌కు, జర్మనీలో ఇంకొకరి కంప్యూటర్‌కు వెళ్లిన పని ముక్కలో దొరికింది. అది సెకనుకు 40.8 సార్లు తిరుగుతుంది. మన ఇంటి పంకా ఫుల్ స్పీడులో సెకనుకు ఆరు చుట్లు తిరిగితే గొప్ప. 2020లో జె1653-0158 అనే మరో పల్సార్ దొరికింది. సెకనుకు 508 చుట్లు, తోడు తారతో 75 నిమిషాలకో కక్ష్య. ఒక్క కంప్యూటర్‌కు శతాబ్దాలు పట్టే ఆ వెతుకులాటను వాలంటీర్ల గ్రాఫిక్స్ కార్డులు రెండు వారాల్లో ముగించాయి.

ప్రాజెక్టులు పక్కపక్కన పెడితే

ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ 2005 ఫిబ్రవరి 19న మొదలైంది. విస్కాన్సిన్-మిల్వాకీ విశ్వవిద్యాలయం, హానోవర్‌లోని మాక్స్ ప్లాంక్ గురుత్వ భౌతిక సంస్థ కలిసి నడుపుతున్నాయి. న్యూట్రాన్ తారల కోసమే పుట్టిన పెద్ద ప్రాజెక్టు ఇదొక్కటే. దీని లోపల మూడు దారులున్నాయి. ఎంపిక నిజంగా ఈ మూడింటి మధ్యే.

ఒకటి గామా కిరణాల పని. 2008లో ఎగిరిన, గామా కిరణాలు చూసే ఫెర్మీ ఉపగ్రహం ఒక పల్సార్ నుంచి రోజుకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఫోటాన్లే (వెలుగు కణాలే) పట్టుకుంటుంది. రెండు ఫోటాన్ల మధ్య ఆ తార లక్షల చుట్లు తిరిగేసి ఉంటుంది. ఏళ్ల తరబడి వచ్చిన ఫోటాన్లను వరుసలో పెట్టి వాటి వెనకున్న లయ తీయాలి. డౌన్‌లోడ్ తక్కువ, లెక్క ఎక్కువ. గ్రాఫిక్స్ కార్డు లేకున్నా నడిచే పని కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇంటికి ఇదే తగినది.

రెండోది రేడియో పని. అరెసిబో 2020 డిసెంబరు 1న కూలిపోయాక దక్షిణాఫ్రికాలోని మీర్‌క్యాట్ డేటా పెద్ద ఆధారం అయింది. 64 డిష్‌ల టెలిస్కోపు అది. గ్రాఫిక్స్ కార్డు మీద చకచకా నడుస్తుంది. ఆ చకచకాలోనే ఇబ్బంది కూడా ఉంది: ప్రతి ముక్కకూ కొత్త రికార్డింగ్ దిగాలి. మంచి కార్డు రోజంతా నడిస్తే డౌన్‌లోడ్ జీబీల్లోకి పోతుంది. ఫోన్ డేటా ప్యాక్ మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. ఫైబర్ ఉన్నవాళ్లే తీసుకోండి.

మూడోది గురుత్వ తరంగాల పని, వాటిని పట్టే అమెరికాలోని లైగో పరికరాల డేటాతో. న్యూట్రాన్ తార ఉపరితలం మీద అతి చిన్న ఉబ్బు ఉన్నా, తార తిరుగుతుంటే అంతరాళంలో ఆగని సన్నటి అల పుడుతుంది. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు వచ్చిన తరంగం కొద్ది సేపటిదే. ఈ ఆగని అల మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. దొరక్కపోవడం కూడా ఫలితమే: 'ఫలానా దూరంలో, ఫలానా వేగంతో తిరిగే తార మీద ఇంతకు మించిన ఉబ్బు లేదు' అని హద్దు గీయగలుగుతున్నారు. ఓపిక ఉన్నవాళ్ల పని ఇది. మొదట్లో డేటా ఫైళ్లు చాలా దిగుతాయి. తర్వాత సర్వర్ అవే ఫైళ్లకు సరిపోయే ముక్కలు పంపుతుంటుంది. అందుకని ప్రాజెక్టును తీసేసి, మళ్లీ కలిపి, మళ్లీ తీసేసి చేయకండి, ప్రతిసారీ ఆ బరువంతా మళ్లీ దిగుతుంది. ఇలాంటి తరంగాలు పట్టే లైగో ఇండియా మనకు దూరమేం కాదు. ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాలకు పడమరగా మహారాష్ట్ర హింగోలి జిల్లాలో రాబోతోంది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం 2,600 కోట్లతో ఆమోదం తెలిపింది. రేపు దాని డేటా వచ్చాక మన పిల్లలకు ఈ లెక్కల పద్ధతి ముందే తెలిసి ఉండటం మంచిదని మా గట్టి అభిప్రాయం.

మిల్కీవే ఎట్ హోమ్ న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సలేర్ పాలిటెక్నిక్‌ది. మన పాలపుంత మింగేసిన చిన్న గెలాక్సీల నుంచి చారలుగా సాగిన తారల ప్రవాహాలను వెనక్కి నడిపి, అసలు ఆ గెలాక్సీ బరువెంతో, అందులో కంటికి కనబడని కృష్ణ పదార్థం ఎంతో తేలుస్తారు. అలాంటి ఒక ప్రవాహం పేరులో మన చీనాబ్ నది ఉంది: ఆర్ఫన్-చీనాబ్. ఇక్కడ ఒక్క హెచ్చరిక. 2023 జూన్‌లో దీని గ్రాఫిక్స్ కార్డు పని ముగిసిపోయింది. ఇప్పుడున్నది ప్రాసెసర్ కోర్లన్నీ ఒకే ముక్కకు కట్టేసే ఎన్-బాడీ పని (తారలు ఒకదాన్నొకటి లాగే తీరు లెక్క) మాత్రమే. ఒకప్పుడు ఈ ప్రాజెక్టు కోసమే జనం రేడియన్ 7970 లాంటి కార్డులు వెతికి కొనేవాళ్లు, డబుల్ ప్రెసిషన్ (ఎక్కువ అంకెల కచ్చితత్వం కావాల్సిన) లెక్కల్లో అవి గట్టివని. ఆ పాత సలహా చదివి సెకండ్‌హ్యాండ్‌లో 250 వాట్ల కార్డు కొంటే ఇక్కడ పనికి రాదు. ఎనిమిది కోర్లు ఉండి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రానికి మాత్రం ఈ ప్రాజెక్టు చక్కగా సరిపోతుంది.

ఆస్టరాయిడ్స్ ఎట్ హోమ్ ప్రాగ్‌లోని చార్ల్స్ విశ్వవిద్యాలయానిది. గ్రహశకలం తిరిగేటప్పుడు వెలుగు పెరిగి తగ్గే తీరు నుంచి దాని ఆకారం, తిరుగుడు తీస్తుంది. ప్రాసెసర్ మీదా ఎన్విడియా కార్డు మీదా నడుస్తుంది. దట్టమైన తారలతో సంబంధం లేదు. అప్పుడప్పుడు పని దొరకదు కూడా. అసలు ప్రాజెక్టుకు తోడు పెట్టుకోవడానికి బాగుంటుంది.

ఇవేవీ ఎంచుకోలేం అనేవాళ్లకు సైన్స్ యునైటెడ్ ఉంది. ఖగోళం, భౌతికం అని విషయం టిక్ పెడితే ప్రాజెక్టును అదే చూసుకుంటుంది. తేలికే గానీ గామా పని కావాలా, రేడియో పని కావాలా అన్న పట్టు మీ చేతిలో ఉండదు. డేటా ప్యాక్ చిన్నదైతే వద్దు.

మీటరు చెప్పే మాట

వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు. పాత నాలుగు కోర్ల ఐ5 డెస్క్‌టాప్ అన్ని కోర్లూ నడిస్తే ప్లగ్ దగ్గర సుమారు 100 వాట్లు లాగుతుంది. రోజంతా నడిపితే నెలకు 72 యూనిట్లు. రాత్రి పది గంటలే అయితే 30. దానికి 75 వాట్ల జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే 175 వాట్లు అనుకోండి, రోజంతా అయితే 126 యూనిట్లు. తక్కువ కరెంటు చిప్ ఉన్న ల్యాప్‌టాప్ 35 వాట్ల దగ్గర ఉంటుంది, రాత్రి పది గంటలకు నెలకు పదిన్నర యూనిట్లు. అరచేయంత కంప్యూటర్ రాస్‌ప్బెర్రీ పై 4 అయితే నెలంతా నడిచినా ఐదు యూనిట్లే. ఇవి అంచనాలు. మీ యంత్రం సంగతి తేల్చుకోవాలంటే వాట్లు చూపించే ప్లగ్ మీటరు ఒకటి పెట్టి ఒక రాత్రి చూడండి.

ఇప్పుడు మన దగ్గరి అసలు చిక్కు. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లకు హద్దు 200 యూనిట్లు. అది దాటిన నెల మొత్తం వాడకానికీ కట్టాలి, పైనున్న నాలుగు యూనిట్లకు మాత్రమే కాదు. పథకం లేని ఇంటికీ అక్కడే మెలిక ఉంది. 2022-23 టారిఫ్ ప్రకారం 200 యూనిట్లకు మొదటి వంద 3.40, తర్వాతి వంద 4.80 చొప్పున ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 అయితే స్లాబ్ మారి మొదటి 200 యూనిట్లూ 5.10 చొప్పునా, ఆ ఒక్క యూనిట్ 7.70 చొప్పునా పడి 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ధర 207 రూపాయల పైమాట. మీ బిల్లు వెనక ఇప్పటి రేట్లు చూసి ఇదే లెక్క కట్టుకోండి.

కాబట్టి చేరే ముందు గత పన్నెండు నెలల బిల్లులు ముందేసుకోండి. చలికాలంలో 110 యూనిట్లు వాడే ఇంట్లో డెస్క్‌టాప్ రాత్రి నడిచినా 140 దగ్గర ఆగుతుంది, భయం లేదు. ఏప్రిల్, మే నెలల్లో కూలరు, ఫ్రిజ్ కలిసి 190 దాకా పోయే ఇంట్లో ల్యాప్‌టాప్ కూడా ప్రమాదమే. రీడింగ్ తీసిన రోజు మీటరులోని కేడబ్ల్యూహెచ్ అంకెను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఇరవయ్యో రోజున మళ్లీ చూడండి. తేడా 130 దాటితే ఆ నెలకు బాయింక్ ఆపేయండి.

ఇంకో మాట కూడా మనస్ఫూర్తిగా చెప్పాలి. మన కరెంటులో పెద్ద భాగం రామగుండం, భూపాలపల్లి లాంటి చోట్ల బొగ్గు కాల్చి తీసిందే. ఒక యూనిట్‌కు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు పడుతుంది. నెలకు 126 యూనిట్లంటే సుమారు 80 కిలోలు. సింగరేణి కార్మికుడు భూమి లోపల్నుంచి తీసిన బొగ్గు అది. అందుకని ఈ పని కోసం పాత ఆకలిగొట్టు యంత్రాలను పోగుచేసి నడపడం మాకు నచ్చదు. ఉన్న యంత్రాన్ని, అది వేరే పనికి ఆన్‌లో ఉండే వేళల్లో నడపడమే మేలు: అప్పుడు అదనంగా పడేది 100 వాట్లు కాదు, 50, 60 వాట్లే. కప్పు మీద సోలార్ పలకలున్నవాళ్లు రాత్రికి బదులు పగలు నడపాలి.

పెట్టుకోవడం, చెడిపోయే చోట్లు

బాయింక్‌ను దాని సొంత సైట్ నుంచే దించుకోండి. విండోస్‌లో పెట్టేటప్పుడు 'సర్వీస్ ఇన్‌స్టాల్' అనే చోట టిక్ పెట్టకండి. అది పెడితే ప్రోగ్రాంకు గ్రాఫిక్స్ కార్డు కనబడదు. 'కార్డు ఉంది, పని రావట్లేదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. రెండో మూలం డ్రైవర్. విండోస్ తనంతట తాను వేసుకున్న డ్రైవర్‌లో, కార్డు చేత లెక్కలు చేయించే ఓపెన్‌సీఎల్ భాగం ఉండకపోవచ్చు. కార్డు కంపెనీ సైట్ నుంచి పూర్తి డ్రైవర్ దించి వేస్తే సరి. ఉబుంటులో అయితే ఓపెన్‌సీఎల్ ప్యాకేజీ విడిగా పెట్టాలి, బాయింక్ యూజర్‌ను వీడియో, రెండర్ గ్రూపుల్లో చేర్చాలి. ఈవెంట్ లాగ్ మొదటి ఇరవై వరుసల్లో కార్డు పేరు కనిపించిందా చూడండి. అక్కడ లేకపోతే కిందకు వెతకడం దండగ.

తర్వాత 'యాడ్ ప్రాజెక్ట్' నొక్కి ఐన్‌స్టీన్‌ను ఎంచుకుని ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి. పాస్‌వర్డ్ వేరే ఎక్కడా వాడనిది పెట్టండి. ప్రాజెక్టు వెబ్‌సైటులో ప్రిఫరెన్సెస్‌కు వెళ్తే పని రకాల పట్టీ ఉంటుంది. పేర్లు మారుతుంటాయి కాబట్టి పేరులో గామా, బైనరీ రేడియో, గ్రావిటేషనల్ అన్న మాటలు పట్టుకుని మీకు కావలసినవి మాత్రం ఉంచండి. 'నా పని లేకపోతే వేరే పనులు కూడా పంపు' అన్న టిక్ తీసేయండి. లేకుంటే హాట్‌స్పాట్ మీద రేడియో ఫైళ్లు దిగుతాయి.

కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్‌లో రెండు గడులు చూసి చాలామంది తికమకపడతారు. ఒకటి 'ఎన్ని శాతం కోర్లు', రెండోది 'ఎంత శాతం సమయం'. వేడి తగ్గించాలంటే మొదటిదే తగ్గించండి: నాలుగు కోర్లలో 50 శాతం పెడితే రెండు కోర్లు నిలకడగా నడుస్తాయి. రెండోది తగ్గిస్తే ప్రాసెసర్ క్షణం పరుగెత్తి, క్షణం ఆగి, మళ్లీ పరుగెత్తుతుంది. ఫ్యాను గుయ్యిమని లేచి పడుతూ ఉంటుంది, వేడి ఎక్కి దిగుతూ ఉంటుంది. దాన్ని 100 దగ్గరే వదిలేయండి. గ్రాఫిక్స్ కార్డు కూడా నడిపేవాళ్లు దానికి మేత వేయడానికి ఒక కోర్ ఖాళీగా ఉంచాలి. లేకపోతే కార్డు సగం సేపు ఎదురుచూపుల్లోనే ఉంటుంది.

పని నిల్వ 0.1 రోజు, అదనంగా 0.5 రోజు చాలు. 'కరెంటు పోతుంది, నెట్ పోతుంది' అని పది రోజుల నిల్వ పెట్టుకున్నవాళ్ల దగ్గరే ముక్కలు గడువు దాటిపోతాయి. చెక్‌పాయింట్ (చేసిన పనిని డిస్క్‌లో దాచుకోవడం) 60 సెకన్ల దగ్గర ఉంచండి, కరెంటు పోయినా చివరి చెక్‌పాయింట్ నుంచి మళ్లీ మొదలవుతుంది. రెండు ప్రాజెక్టులు పెట్టుకుంటే అసలుదానికి రిసోర్స్ షేర్ 100, తోడుదానికి 0 ఇవ్వండి. సున్నా ఇచ్చినది అసలుదాని దగ్గర పని లేనప్పుడే నడుస్తుంది. చేసిన పనికి ఇచ్చే క్రెడిట్ అంకెలు చూసి ప్రాజెక్టు మార్చకండి. ఒక్కో ప్రాజెక్టు ఒక్కో తీరున ఇస్తుంది, వాటికి పోలిక లేదు, డబ్బు విలువా లేదు.

ల్యాప్‌టాప్‌లో 'బ్యాటరీ మీద ఉంటే ఆపు' టిక్ ఉంటే కరెంటు పోగానే ఆగుతుంది. డెస్క్‌టాప్ ఇంటి ఇన్వర్టర్ మీద ఉంటే దానికి కరెంటు పోయిన సంగతే తెలియదు. మీ పంకాలకు దాచుకున్న బ్యాటరీని వంద వాట్ల చొప్పున తాగేస్తుంది. ఆ సాకెట్‌ను ఇన్వర్టర్ లైను నుంచి తప్పించి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి, షట్‌డౌన్‌కు పది నిమిషాలు దొరికితే చాలు.

వేడి విషయంలో మొహమాటం పనికిరాదు. ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. జనవరి రాత్రి 18 డిగ్రీల గదిలో 65 దగ్గర నడిచే యంత్రం, మే నెలలో 40 డిగ్రీల గదిలో అదే పనికి 85కు పైన ఉంటుంది. రామగుండం వైపు ఎండలు తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఏసీ గదిలో నడపడం పరిష్కారం కాదు, యంత్రం విడిచిన ప్రతి మూడు యూనిట్ల వేడికీ ఏసీ దాదాపు ఇంకో యూనిట్ తింటుంది.

దుమ్ము సంగతి కూడా ఇక్కడ వేరు. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కలా, జిన్నింగ్ మిల్లుల దగ్గరా గాలిలో తేలే నూగు హీట్‌సింక్ రెక్కల మధ్య పలచటి దుప్పటిలా పరుచుకుంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాను శుభ్రంగానే ఉంటుంది. ఫ్యాను విప్పి చూస్తే దాని కిందే, రెక్కల మొదట్లో బూడిదరంగు పొర ఉంటుంది, వేలితో లాగితే గుడ్డముక్కలా ఒకే చాప లేచి వస్తుంది. కరీంనగర్ గ్రానైట్ పొడి అలా లేవదు, బ్రష్‌తో గీకాలి. డిసెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి విప్పండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, వదిలేస్తే పిచ్చివేగంతో తిరిగి బేరింగ్ పోతుంది. నాలుగేళ్లు దాటిన యంత్రమైతే థర్మల్ పేస్ట్ మార్చండి, బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద బొట్టు చాలు.

పాత డెస్క్‌టాప్‌లలో చిత్రమైన జబ్బు ఇంకోటి ఉంది. బాయింక్ అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది గానీ సర్వర్‌తో మాట కలవదు. నెట్ పనిచేస్తుంది, పాస్‌వర్డ్ సరైనదే. మూలన తేదీ చూడండి, ఏ 2012 జనవరి ఒకటో తేదీనో చూపిస్తుంటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదని కనెక్షన్ తెగిపోతుంది. కొద్దిపాటి డబ్బుతో కొత్త బ్యాటరీ వేస్తే అయిపోతుంది.

ఫోన్ల గురించి: ఆండ్రాయిడ్ బాయింక్ మామూలుగా చార్జింగ్‌లో ఉన్నప్పుడే, బ్యాటరీ 90 శాతం దాటాకే, వేడి 40 డిగ్రీల లోపు ఉంటేనే నడుస్తుంది. మన ఎండాకాలంలో ఆ మూడో షరతు కుదరదు. హద్దు పెంచి నడిపితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదముంది. రోజూ వాడే ఫోన్‌ను దీనికి పెట్టకండి. ల్యాప్‌టాప్ కూడా నెలల తరబడి ప్లగ్‌లోనే ఉంటుంది కాబట్టి చార్జింగ్ హద్దును 60 లేదా 80 శాతానికి కట్టే సెట్టింగ్ ఉంటే తప్పక వాడండి. కాలేజీ ల్యాబ్ కంప్యూటర్లలో పెట్టాలంటే ల్యాబ్ బాధ్యుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కరెంటు వాళ్లది, యంత్రం వాళ్లది.

యంత్రం లేనివాళ్లకు

జూనివర్స్ వేదికలో మీ ప్రాసెసర్‌కు పనేమీ ఉండదు. బొమ్మలు చూసి, ఏది ఏమిటో మీరే చెప్పాలి. గ్రావిటీ స్పై అనే ప్రాజెక్టులో లైగో రికార్డుల్లోని గోలను రకాలుగా విడగొడతారు: ఈలలా సాగేది, చుక్కలా పడేది, వంపులుగా లేచేది. ఆ గోలను గుర్తించి పక్కనపెడితేనే అసలు తరంగాలు తేటగా కనిపిస్తాయి. ఇంటర్ చదివే పిల్లలకు మేం ముందు సూచించేది ఇదే. ఐన్‌స్టీన్‌లో మీ యంత్రం ఏం చేస్తోందో తెలుసుకోవాలంటే విడిగా చదువుకోవాలి, ఇక్కడ చేస్తూనే కన్ను తయారవుతుంది. బొమ్మల మీద రాతంతా ఇంగ్లిషులోనే ఉంటుంది గానీ ఉదాహరణ బొమ్మలు చూసి పోల్చుకోవచ్చు. నెలకు ఒక్క యూనిట్ కూడా పెరగదు.

ఎండలు ముదిరినప్పుడు ఆపే తీరు

మార్చి నెలాఖరుకు గది వేడెక్కుతుంది, మీటరూ పరుగెత్తుతుంది. అప్పుడు ప్రోగ్రాంను ఒక్కసారిగా తీసేయకండి, చేతిలో ఉన్న ముక్కలు గడువు దాకా ఎవరికీ అందకుండా వేలాడతాయి. ప్రాజెక్టు పేరు మీద నొక్కి 'నో న్యూ టాస్క్స్' పెట్టండి. ఉన్నవి ఒకటి రెండు రాత్రుల్లో అయిపోతాయి. ఫలితాలన్నీ వెళ్లేలా 'అప్‌డేట్' నొక్కండి. టాస్కుల పట్టీ ఖాళీ అయ్యాక 'సస్పెండ్' పెట్టి వదిలేయండి, ప్రాజెక్టును తీసేయనక్కర్లేదు. దసరా దాటి రాత్రులు చల్లబడ్డాక హీట్‌సింక్ ఒకసారి విప్పి తుడిచి, 'రెస్యూమ్', 'అలౌ న్యూ టాస్క్స్' రెండూ నొక్కితే చాలు.